విదేశములనుండి వచ్చినవారి జ్వరము



మన పల్లెలనుండి గల్ఫుదేశములకును, ఆఫ్రికాకును, మలేషియాకును పొట్టకూటికై పోవువారు పెక్కండ్రు కలరు. అట్టివారు తిరిగివచ్చినపిదప జ్వరము తగిలినచో, నీరు మాఱినదనియు, ప్రయాణపు బడలిక యనియు నింటివారు తలఁచి కషాయ మిత్తురు. రెండు మూఁడు దినములు గడచిపోవును. నేను నేఁడు మీతోఁ జెప్పఁగోరునది ఆ రెండు మూఁడు దినములను గూర్చియే.

ఆఫ్రికాలో మెండుగా నున్న మలేరియా ఫాల్సిపేరం అను క్రిమివలనఁ గలుగును. తొలినాఁడు తలనొప్పియు, ఒడలినొప్పులును మాత్రమే యుండవచ్చును. చికిత్స జాగైనచో ఒకటి రెండు దినములలోనే మెదడునకును, మూత్రపిండములకును ముప్పు వచ్చి రోగి మరణింపవచ్చును. చలితో దినము విడిచి దినము వచ్చుట యను మన మెఱిఁగిన లక్షణ మిందుఁ గానరాకపోవచ్చును. కావున నాడి చూచి నిర్ణయింపరాదు; నాఁడే నెత్తురు పరీక్షింపవలెను.

ఈ జాతి క్రిమిని మనుష్యుని నెత్తుటిలో లవరాన్ అను ఫ్రెంచి వైద్యుఁడు 1880వ సంవత్సరమునఁ గనిపెట్టెను. అది దోమ కడుపులోఁ బెరుగుటను రొనాల్డు రాసు 1897వ సంవత్సరమున మన సికిందరాబాదునందే చూచెను. నేఁటికిని సూక్ష్మదర్శినితో నెత్తుటిచుక్కను చూచుట ముఖ్యమైన పరీక్ష. ఒకమాఱు క్రిమి కానరానంతమాత్రమున మలేరియా లేదనరాదు. ఒకటి రెండు దినములలో మరల పరీక్షింపవలెను.

వైద్యునకు మీరు చేయఁగల సాయ మొకటి కలదు. రోగి యే దేశమునుండి వచ్చెను? ఏనాఁడు బయలుదేఱెను? జ్వర మేనాఁడు మొదలయ్యెను? ఈ మూఁడింటిని తెలుపుఁడు. డెంగీ జ్వరము దోమ కుట్టిన 4 మొదలు 10 దినములలో సాధారణముగా వచ్చును. ఆ దేశము విడిచి 14 దినములు దాటినపిదప మొదలైనచో నది యచ్చటి డెంగీ కాదనవచ్చును. టైఫాయిడు తఱచుగా 1 మొదలు 3 వారములకుఁ బొడచూపును. ఫాల్సిపేరం మలేరియా సాధారణముగా 7 దినములకుఁ బిమ్మట, 3 నెలలలోపల వచ్చును. వైవాక్సు అను వేఱొక మలేరియా కాలేయమున దాఁగి, నెలలకుఁ గాని యేఁడాదికిఁ గాని బయటపడును. వచ్చి చాల నాళ్లైనదని ప్రయాణపుమాట దాఁచరాదు.

అరేబియాలో ఒంటెలను మేపి వచ్చినవానికి 14 దినములలోపల జ్వరముతో దగ్గు, ఆయాసము కలిగినచో, ఆ పనినిగూర్చియు వైద్యునకు ముందుగానే చెప్పవలెను. 2012వ సంవత్సరమునఁ దొలుత కనిపెట్టఁబడిన మెర్సు అను వ్యాధి ఒంటెలనుండి మనుష్యులకు సోఁకును.

డెంగీ కాదని తేలువఱకు ఆస్పిరిన్ మాత్ర లీయకుఁడు. మగత, సంధి, మూర్ఛ, ఆయాసము, పచ్చకామెరలు, మూత్రము తగ్గుట, వీనిలో నే యొకటి కనఁబడినను రాత్రియని యాగక పెద్దాసుపత్రికిఁ గొనిపొండు.

మీయొద్దకు సలహాకై వచ్చినవారిని ముందుగా పాసుపోర్టు, విమానపుటిక్కెట్టు తెమ్మనుఁడు. అందలి తేదీలను కాగితముపై వ్రాసి రోగిచేతి కిచ్చి పంపుఁడు.