పాట అందరిదీ

నాట్లు వేసేటప్పుడు పాట. బిడ్డను ఉయ్యాలలో ఊపేటప్పుడు పాట. పెళ్ళిలో పాట. బతుకమ్మ చుట్టూ పాట. పాట లేని ఇల్లు ఉండదు.

కానీ రేడియోలో సంగీత కచేరీ వస్తే చాలామంది కట్టేస్తారు. "అది చదువుకున్నోళ్ళ పాట. మనకు అర్థం కాదు" అంటారు. నిజంగా అది అంత దూరపు పాటా? చూద్దాం.

ఏడు మెట్లు

గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకుని పాడేదాన్ని శాస్త్రీయ సంగీతం అంటారు. దీనికి మూలం ఏడు స్వరాలు. స, రి, గ, మ, ప, ద, ని. ఇవి మెట్ల లాంటివి. గొంతు ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. మళ్ళీ దిగుతుంది.

అన్ని పాటలూ ఏడు మెట్లూ ఎక్కవు. ఏ మెట్లు ఎక్కాలి, ఏవి దిగాలి, ఎక్కడ నిలవాలి అనే పద్ధతిని రాగం అంటారు. మోహన రాగంలో ఐదు స్వరాలే ఉంటాయి. శంకరాభరణ రాగంలో ఏడూ ఉంటాయి. 1980లో వచ్చిన 'శంకరాభరణం' సినిమా పేరు విన్నారు కదా! అది ఈ రాగం పేరే.

పాట నడకకు ఒక లెక్క ఉంటుంది. అదే తాళం. ఆది తాళంలో ఎనిమిది లెక్కలు. తొడ మీద అరచేత్తో ఒక దెబ్బ వేయండి. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు లెక్కపెట్టండి. నాలుగయ్యాయి. ఇప్పుడు ఒక దెబ్బ వేసి, చెయ్యి తిప్పండి. ఇంకొక దెబ్బ వేసి, మళ్ళీ తిప్పండి. మొత్తం ఎనిమిది. దంపుడు పాటలో రోకలి పోటు చేసే పని కూడా ఇదే.

రెండు బాణీలు

మన దేశంలో శాస్త్రీయ సంగీతానికి రెండు పెద్ద బాణీలు ఉన్నాయి.

ఉత్తరాదిన పాడేది హిందుస్తానీ సంగీతం. రాజుల కొలువుల్లో, మొగలాయి పాదుషాల కొలువుల్లో ఇది బాగా పెరిగింది. హిందువులు, ముస్లిములు కలిసి పెంచిన సంగీతం ఇది. ఇందులో ఖయాల్ అనే పాట ముఖ్యమైనది. ఒకే రాగాన్ని నిదానంగా, చాలాసేపు పెంచుకుంటూ పాడతారు. సితారు, సారంగి, తబలా ఈ బాణీ వాయిద్యాలు.

దక్షిణాదిన పాడేది కర్ణాటక సంగీతం. పేరు కర్ణాటక అయినా, అది ఒక్క ఆ రాష్ట్రానిదే కాదు. దక్షిణాది అంతటిదీ. ఇందులో కీర్తనలు ముఖ్యం. వీణ, వయొలిన్, మృదంగం, ఘటం వాయిస్తారు. ఘటం అంటే మట్టికుండే.

బాణీలు రెండైనా రెండూ చుట్టాలే. మన మోహన రాగంలోని ఐదు స్వరాలతోనే వాళ్ళకూ ఒక రాగం ఉంది. దాన్ని వాళ్ళు భూప్ అంటారు.

కర్ణాటక సంగీతంలో చాలా పాటలు తెలుగులోనే ఉన్నాయి. తాళ్ళపాక అన్నమయ్య తెలుగులో పాడారు. క్షేత్రయ్య తెలుగులో పాడారు. త్యాగరాజు 1767లో పుట్టారు. ఆయన ఉన్నది తమిళదేశంలో, కావేరి ఒడ్డున తిరువయ్యారులో. అయినా ఆయన కీర్తనల్లో ఎక్కువ భాగం తెలుగే. తమిళులూ, కన్నడిగులూ, మలయాళీలూ వాటిని తెలుగులోనే నేర్చుకుని పాడతారు.

గుడి కట్టించిన స్త్రీ

త్యాగరాజు 1847లో తిరువయ్యారులోనే కన్నుమూశారు. అక్కడే ఆయన సమాధి ఉంది. కొన్నాళ్ళకు అది పాడుపడింది. దాన్ని బాగుచేయించింది ఒక స్త్రీ. ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ.

నాగరత్నమ్మ 1878లో పుట్టారు. ఆమెది దేవదాసీ కుటుంబం. గుళ్ళలో, కొలువుల్లో పాడటం, ఆడటం ఆ స్త్రీల పని. తరతరాలుగా పాటను కాపాడినవాళ్ళలో వాళ్ళు ముందుంటారు. లోకం వాళ్ళ పాట విన్నది. వాళ్ళను మాత్రం చిన్నచూపు చూసింది.

నాగరత్నమ్మ సంగీతం నేర్చుకున్నారు. తెలుగు, సంస్కృతం చదువుకున్నారు. కచేరీలు చేసి డబ్బు, పేరు సంపాదించారు. ఆ డబ్బుతో సమాధి ఉన్న స్థలం కొన్నారు. అక్కడ గుడి కట్టించారు. 1926లో గుడి పూర్తయింది.

ఏటా త్యాగరాజు ఆరాధన రోజున పెద్ద పెద్ద విద్వాంసులు అక్కడికి వచ్చి పాడేవారు. అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళను పాడనిచ్చేవారు కాదు. గుడి కట్టించిన నాగరత్నమ్మకు కూడా ఆ ఉత్సవంలో పాడే చోటు లేదు!

ఆమె ఊరుకోలేదు. 1927లో స్త్రీలను కూడగట్టి వేరే ఉత్సవం మొదలుపెట్టారు. సమాధి వెనక వైపు కూర్చుని ఆడవాళ్ళు పాడారు. ఏళ్ళ తరబడి ఆ పట్టు విడవలేదు. చివరికి 1940 ప్రాంతంలో అందరూ ఒక్కటయ్యారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఒకే ఉత్సవం చేయడం మొదలైంది.

నాగరత్నమ్మ అంతటితో ఆగలేదు. 1949లో వీలునామా రాయించారు. ఆ గుడిలో పాడే హక్కు దేవదాసీలతో సహా స్త్రీలందరికీ ఉండాలని అందులో పెట్టించారు. నోటిమాటను రేపు ఎవరైనా కాదనవచ్చు. రాసిపెట్టిన కాగితాన్ని కాదనడం కష్టం. ఆ సంగతి ఆమెకు తెలుసు.

1952లో ఆమె కన్నుమూశారు. త్యాగరాజు సమాధికి ఎదురుగా ఆమెకూ సమాధి కట్టారు.

ఇప్పుడు తిరువయ్యారులో వందల మంది ఒక్కచోట కూర్చుని త్యాగరాజు పంచరత్న కీర్తనలు పాడతారు. అందులో ఆడవాళ్ళ గొంతులు ఎన్నో వినిపిస్తాయి. ఆ ఉత్సవం రేడియోలో, టీవీలో కూడా వస్తుంది.

ఈసారి వస్తే కట్టేయకండి. ఒక్క కీర్తన వినండి. చేత్తో తాళం వేయండి. అందులోని తెలుగు మాటలు గుర్తుపట్టండి. మీ ఇంట్లో ఆడపిల్ల పాట నేర్చుకుంటానంటే "మనకెందుకు?" అనకండి. పాట అందరిదీ.

ఆలోచించండి

1. మీ ఊళ్ళో ఆడవాళ్ళు పాడే పాటలు ఏవి? వాటిని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?
2. నాగరత్నమ్మ తన కోరికను వీలునామాలో ఎందుకు రాయించారు?
3. మీకు వచ్చిన ఒక పాటను మీ నోటుపుస్తకంలో రాయండి.