మత్తు ఇచ్చాక ఒంటి వేడి ఎటు పోతుంది?

మే నెలలో సికింద్రాబాద్‌లో ఎండ 40 డిగ్రీలు దాటి మండుతున్నా, గర్భసంచి ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు రికవరీ గదిలో పళ్లు టకటకలాడేలా వణకడం మామూలే. ఇంట్లోవాళ్లు నెపం ఏసీ మీద వేస్తారు. ఏసీ పాత్ర కొంత ఉన్నా, మొదటి కారణం మత్తే.

జంటనగరాలకు మత్తు పరిశోధనలో పాత పేరుంది. 1888, 1889లలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు, ఆ మత్తుమందుతో ముందు ఆగేది ఊపిరా గుండెనా అని తేల్చబూనాయి. ఒంటి వేడి సంగతి చాలా తర్వాత పట్టించుకున్నారు.

చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని, 37 డిగ్రీల వేడిని గుండె, మెదడు ఉన్న లోపలి భాగంలోనే నిలుపుతాయి. మత్తు ఆ పట్టు సడలిస్తుంది. వేడి కాళ్లకూ చేతులకూ చేరి, మొదటి గంటలోనే లోపల ఒకటి, ఒకటిన్నర డిగ్రీ తగ్గుతుంది. 36 కన్నా దిగితే జాగ్రత్త పడాల్సిందే. వెన్నుమత్తులో నడుము కింద చల్లదనమే తెలియదు కాబట్టి చలేస్తోందని రోగి చెప్పకపోవచ్చు. దానికి తోడు తెరిచిన పొట్ట, పైకెత్తి కట్టిన కాళ్లు, కడగడానికి పోసే సెలైన్. లాపరోస్కోపీలో అయితే పొడిగా, చల్లగా ఉండే కార్బన్ డయాక్సైడ్.

1996లో 200 మంది పేగు ఆపరేషన్ రోగులపై చేసిన అధ్యయనంలో చల్లబడ్డవారిలో 19 శాతానికి, వెచ్చగా ఉంచినవారిలో 6 శాతానికే కోత దగ్గర ఇన్‌ఫెక్షన్ వచ్చింది. చల్లబడితే కోతకు ఆక్సిజన్ చాలదు, రక్తం గడ్డకట్టడమూ మందగిస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. కాబట్టి ఇది మన ఇళ్లకు బాగా దగ్గరి విషయం.

ఆపరేషన్‌కు ముందు పల్చని గౌనుతో ఏసీ వరండాలో కూర్చోబెట్టే ఆ నిరీక్షణే నా దృష్టిలో అన్నిటికన్నా అనవసరమైన నష్టం. వెచ్చబెట్టడం అక్కడే, మత్తుకు ముందే మొదలవ్వాలి. దుప్పటి, టోపీ, సాక్సు ఎక్కడైనా దొరుకుతాయి. వసతి ఉన్నచోట సిస్టర్ రోగి ఛాతీ మీద, చేతుల మీద వేడిగాలి దుప్పటి పరుస్తుంది. గొట్టంలోంచి వచ్చే గాలి దుప్పటి అడుగునున్న సన్నని రంధ్రాల గుండా ఒంటికి తగులుతుంది. అర లీటరు, అంతకు మించి ఎక్కించే సెలైన్‌ను 37 డిగ్రీలకూ, పొట్ట కడిగే నీటిని 38-40కీ వెచ్చబెట్టాలి. వేడి సెలైన్ సీసాలు మాత్రం ఒంటికి ఆనించకూడదు. మత్తులో మంట తెలియదు, చర్మం బొబ్బలెక్కుతుంది.

ఆపరేషన్‌లో అరగంటకోసారి, రికవరీలో పావుగంటకోసారి టెంపరేచర్ చూసి ఛార్టులో రాయాలి. 36 రానిదే వార్డుకు పంపకూడదు.