చలికాలపు పరుగు, మిగిలిపోయిన కిలోమీటర్లు

ఈసారి సంచికకు ఆరోగ్యం మీద ఒక వ్యాసం కావాలని సొసైటీ పెద్దలు అడిగారు. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను, పదేళ్లుగా పొద్దున్నే పరుగెత్తుతున్నాను. కాబట్టి నాకు బాగా తెలిసిన ఒక్క విషయమే రాస్తాను. ఏడాది చివర, సరిగ్గా చలి ముదిరే రోజుల్లో, మన ఊళ్లలో పరుగెత్తేవాళ్లు, వేగంగా నడిచేవాళ్లు ఎందుకు దెబ్బతింటారన్నదే ఆ విషయం.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఫజర్ నమాజు అయ్యాక కలెక్టరేట్ గ్రౌండ్ వైపు వెళ్తే ఒక జాతరలా ఉంటుంది. బోధన్‌లో శక్కర్‌నగర్ రోడ్ల మీద కూడా అంతే. పదేళ్ల కిందట పరుగెత్తే మనిషి కనబడితే కుక్కలు వెంటబడేవి, మనుషులు ఆపి "ఏమైంది సార్?" అని అడిగేవారు. ఇప్పుడు ఎవరూ అడగరు. అందరి చేతిలో ఫోను, ఫోనులో లెక్క, జనవరి ఒకటిన రాసుకున్న లక్ష్యం. ఏడాదికి 500 కిలోమీటర్లు, 1000 కిలోమీటర్లు అని ఎవరికి తోచింది వాళ్లు రాసుకుంటారు. మంచిదే. చిక్కంతా అక్టోబరు దాటాక వస్తుంది.

రెండేళ్ల కిందట నేను 1000 రాసుకున్నాను. రోజుకు 2.74 కిలోమీటర్లు అన్నమాట, పెద్ద సంగతేమీ కాదు. ఆగస్టు చివరికి 640 అయింది. సెప్టెంబరులో వానలు, ఆ వెంటనే విషజ్వరం. ఆ నెలా, అక్టోబరూ కలిపి 60 మాత్రమే. నవంబరు ఒకటిన కాగితం మీద లెక్క వేస్తే 61 రోజుల్లో 300 కిలోమీటర్లు మిగిలాయి. రోజుకు దాదాపు 5. అప్పటిదాకా పరుగెత్తినదానికి దాదాపు రెట్టింపు, అదీ జ్వరం నుంచి లేచిన ఒంటితో, చలిలో. లెక్క సరిపోయింది కదా అని మొదలుపెట్టాను. మూడో వారానికి కుడి మడమలో నొప్పి. మాత్ర వేసుకుని ఇంకో రెండు వారాలు లాగాను. 846 దగ్గర ఆగిపోయాను. ఆ తరువాత మూడున్నర నెలలు పరుగు మాట అటుంచి, తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పడమే కష్టమైంది.

నా సంగతి నయం. మా గుంపులోనే ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన ఒకాయన ఉన్నారు, నాకంటే రెండేళ్లు పెద్ద. ఆయన కూడా డిసెంబరులో తన బాకీ తీరుస్తున్నారు. నెలాఖరులో ఒక పొద్దున ఛాతీ పట్టేసినట్టయింది. గ్యాస్ అనుకుని సోడా తాగారు. కొడుకు మాట వినకుండా బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్లాడు కాబట్టి బతికారు. స్టెంటు వేశారు. ఇప్పుడు నడుస్తున్నారు.

మేమిద్దరం చేసిన తప్పు ఒక్కటే. తప్పిపోయిన కిలోమీటర్లను ఖజా అనుకున్నాం. రంజానులో జబ్బుపడ్డవాడు, ప్రయాణంలో ఉన్నవాడు వదిలేసిన రోజాలను తరువాత పూర్తి చేస్తాడు. కానీ గమనించండి, ఎన్ని ఖజాలున్నా ఒక రోజుకు ఒక్క రోజానే. ఒకే పగలు రెండు రోజాలు ఉండే మార్గం లేదు. మేం మాత్రం ఒక పొద్దుటికి రెండు పొద్దుల పరుగు పెట్టాం.

ఇది ఒంటికి ఎందుకు పడదో చెబుతాను. ఆగి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందుగా తేరుకునేది గుండె, ఊపిరి. రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది. కండరం కూడా త్వరగానే దారిలో పడుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది ఒకటుంది. పాఠ్యపుస్తకంలో దాన్ని స్నాయుబంధనం అంటాం, వాడుకలో "నరం పట్టింది" అని చెప్పేది చాలాసార్లు దీని గురించే. దానికి రక్త సరఫరా తక్కువ, అందుకే అది గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఎముకదీ అదే వరస. ఊపిరి బాగానే అందుతోంది కదా అని మనం దూరం పెంచుతాం, కింద తాళ్లు ఇంకా సిద్ధం కాలేదు. నవంబరు గాయాల్లో ఎక్కువ భాగం ఈ తేడాలోనే పుడతాయి.

దీనికి చలి తోడవుతుంది. డిసెంబరు, జనవరిలో మన దగ్గర కొన్ని తెల్లవారుజాముల్లో పాదరసం 10 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. "ఇగం పెడుతోంది" అని మనవాళ్లు అనేది ఆ రోజుల్లోనే. బెల్లం వండే చోట చూసినవాళ్లకు తెలుసు, వేడి మీద పాకం గరిటెకు ఎంత సులువుగా తిరుగుతుందో, చల్లారాక అదే గరిటె ఎలా ఇరుక్కుపోతుందో. కండరం పాకం కాదు గానీ, చల్లగా ఉన్నప్పుడు అదీ బిగుసుకునే ఉంటుంది, సాగదు. దుప్పటిలోంచి లేచి నేరుగా పరుగందుకుంటే పిక్క పట్టేయడం అందుకే. పైగా చలికి చర్మం కింది రక్తనాళాలు సన్నబడతాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె ఎక్కువ బలంతో తోయాల్సి వస్తుంది. ముప్పై ఏళ్లవాడికి ఇది లెక్కలోకి రాదు. నలభై దాటి బీపీ, షుగర్, సిగరెట్టు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు, వీటిలో ఏది ఉన్నా ఒకసారి డాక్టరుకు చూపించుకున్నాకే చలిలో పరుగు పెట్టాలి. ఛాతీ బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లచెమట వస్తే సోడా కాదు, 108.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. ఇంట్లోనే పది నిమిషాలు కదలాలి. చీలమండలు తిప్పడం, మోకాళ్లు ఎత్తి నిలబడ్డ చోటే నడవడం, భుజాలు ఊపడం. చల్లటి ఒంటితో వంగి కాలివేళ్లు పట్టుకుని లాగే వ్యాయామం మాత్రం వద్దు, దాన్ని పరుగయ్యాక చేయండి. ఆ తరువాత ఐదు నిమిషాలు నడక, అప్పుడు పరుగు. ఒక్క మందపాటి స్వెటరు కంటే రెండు పలచటి బట్టలు మేలు, వేడెక్కాక పైది తీసి నడుముకు కట్టుకోవచ్చు. చెవులు కప్పాలి. ఇంటికి రాగానే తడిసిన బనియన్ మార్చాలి. అదే తడి బట్టతో అరగంట చాయ్ దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకోవడం మన గుంపులన్నింటికీ ఉన్న అలవాటు, అందులో నేనే ముందుంటాను. చలిలో దాహం వేయదు, కానీ చెమట పోతూనే ఉంటుంది కాబట్టి నీళ్లు గుర్తుపెట్టుకుని తాగాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు చల్లటి పొడిగాలి ఊపిరిగొట్టాలను బిగిస్తుంది. ముక్కూ నోరూ రుమాలుతో కప్పుకుంటే లోపలికి వెళ్లే గాలి కొంత వెచ్చబడుతుంది. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

ఇంకో సంగతి, వేళ. తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి కొంచెం వెచ్చగా ఉంటుంది. అందుకని చెత్త కాల్చిన పొగ, పొయ్యిల పొగ పైకి లేవక మనిషి ఎత్తులోనే పరుచుకుంటుంది. "పొద్దుగాల గాలి స్వచ్ఛం" అనే మాట చలికాలంలో ఊరి నడుమ నిజం కాదు. పొద్దు పొడిచాక నేల వేడెక్కితే ఆ పొగ పైకి లేస్తుంది. జనవరిలో మనకు సూర్యోదయం ఆరున్నర దాటాకే. ఫజర్ చదువుకుని ఇంటికి వచ్చి, ఓ కప్పు చాయ్ తాగి, పది నిమిషాలు ఒళ్లు కదిపి బయల్దేరితే వేళ సరిపోతుంది.

చీకట్లో రోడ్డెక్కకూడదనడానికి మన ప్రాంతంలో ఇంకో కారణం కూడా ఉంది. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందిన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది, సైరన్ వినబడటం లేదు. అయినా చెరకు సాగు పూర్తిగా పోలేదు. చలికాలమే నరికే కాలం కాబట్టి వెనక లైటు లేని ట్రాలీలు, పక్కలకు పొడుచుకొచ్చిన గడలు, కాలువల పక్కన మంచు. నిజామాబాద్–బోధన్ రోడ్డు మీద చీకట్లో నల్ల జాకెట్ వేసుకుని చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తే పిల్లల్ని చూస్తే నాకు గుండె జారుతుంది. వాహనాలకు ఎదురుగా, కుడివైపు పరుగెత్తండి. తెల్ల బట్ట వేసుకోండి. గ్రౌండ్ దగ్గర్లో ఉంటే రోడ్డే వద్దు.

గాయాల్లో మన దగ్గర ఎక్కువగా కనబడేది నాకొచ్చినదే, మడమ నొప్పి. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాని మీద భారం ఎక్కువైతే మడమ దగ్గర దెబ్బతింటుంది. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగు మేకు మీద వేసినట్టుంటుంది. నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. ఆ తగ్గడమే మనల్ని మోసం చేస్తుంది. నేనూ రోజూ "తగ్గింది కదా" అనే వెళ్లాను. అరిగిన చెప్పులు, బండల మీద ఒట్టికాళ్లతో తిరగడం దాన్ని పెంచుతాయి. రెండోది మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. మూడోది మోకాలి కింద ముందు ఎముక పొడవునా వచ్చే సలుపు. ఆ ఎముక మీద ఒక్కచోట వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుంటే అది సలుపు కాకపోవచ్చు, ఎముకలో సన్నటి పగులు కావచ్చు. ఫోటో తీయించాల్సిందే, నాటు కట్టు కాదు.

ఏ నొప్పితో నడవవచ్చు, దేనితో ఆగాలి అని చాలామంది అడుగుతారు. నేను పెట్టుకున్న గుర్తు ఇది. రెండు కాళ్లలో సమానంగా ఉండి రెండు రోజుల్లో పోయేది అలసట. ఒక్క కాలిలో, ఒక్కచోట ఉండి, పరుగెత్తేకొద్దీ పెరిగి, నడక తీరు మార్చేది గాయం. కుంటుతున్నామంటే ఆగాలి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం అన్నింటికంటే చెడ్డ పని. మాత్ర హెచ్చరికను ఆపుతుంది గానీ గాయాన్ని ఆపదు. నీళ్లు తక్కువ తాగిన ఒంటికి ఆ మాత్రలు మూత్రపిండాల మీద భారం కూడా. పసుపు పాల సంగతి చెప్పకపోతే నిజామాబాద్‌లో తిరగనివ్వరు. తాగండి, వెచ్చగా హాయిగా ఉంటుంది. కానీ తెగిన పట్టీ పసుపుతో అతకదు, విశ్రాంతితోనే అతుకుతుంది.

చక్కెర పండించిన ఊళ్లలో చక్కెర జబ్బుకు కొదవ లేదు. వాళ్లకు రెండు మాటలు ప్రత్యేకంగా. కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు బూటులో రాయి పడినా తెలియదు, చలికి పగిలిన మడమలో పుండు పడినా తెలియదు. బూటు వేసుకునే ముందు చేయి పెట్టి చూడండి, విప్పాక అరికాలు చూసుకోండి. ఆ కాళ్లను చలి అని వేడినీళ్లలో పెట్టకండి, కాలినా తెలియదు. ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో దూరం వెళ్లకండి, జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉంచుకోండి.

ఇక లక్ష్యం తప్పినవాళ్ల సంగతి. మన ఊరి నిఖత్ జరీన్‌ను చిన్నప్పుడు తండ్రి మొహమ్మద్ జమీల్ అహ్మద్ పరుగు నేర్పడానికే గ్రౌండ్‌కు తీసుకొచ్చారు, బాక్సింగ్ ఆ తరువాత. ఆమె ప్రపంచ పతకాల గురించి అందరికీ తెలుసు. మధ్యలో 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది, చాలా నెలలు రింగుకు దూరమైంది. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల ఎంపికలో మేరీ కోమ్ చేతిలో ఓడి టోక్యో దారి మూసుకుపోయింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది, మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్లీ. 2024లో పారిస్ నుంచి పతకం లేకుండా వచ్చింది. పోటీనే బతుకుగా పెట్టుకున్న మనిషికే ఏళ్లు ఇలా జారాయి. వెనక ఎవరూ తరమని మనం డిసెంబరు 31 కోసం మోకాలు పోగొట్టుకుంటున్నాం.

ఆ అంకెలు కూడా ఎక్కడో రాసిపెట్టినవి కావు. రోజుకు పదివేల అడుగులన్నది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరుతో వ్యాపించిన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున వేగంగా నడిస్తే 150 అయిపోయింది. ఇది ఇంట్లో ఆడవాళ్లకు చెప్పండి. వాళ్లలో చాలామందికి గ్రౌండ్ దొరకదు, వేళ దొరకదు, చలికాలం పొద్దున వంటిల్లే దొరుకుతుంది. పిల్లలు బడికి వెళ్లాక ఎండలో డాబా మీద అరగంట నడిచినా అది పూర్తి లెక్కే. చాయ్ ఆ అరగంట మగవాళ్లు పెట్టుకోవచ్చు.

గాయం తరువాత తిరిగి మొదలుపెట్టేవాళ్లు పాత అంకె నుంచి మొదలుపెట్టకండి. నేను చేసింది చెబుతాను. మొదట రెండు వారాలు నొప్పి లేకుండా అరగంట నడక మాత్రమే. తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, రోజు విడిచి రోజు. మర్నాడు పొద్దున మంచం దిగినప్పుడు మడమ ఏమంటుందో చూసి, ఏమీ అనకపోతే వారానికి కొంచెం పెంచడం. పాత దూరానికి రావడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు మా గుంపు నోటుబుక్కులో కిలోమీటర్లు రాయడం మానేశాం, వచ్చిన రోజుకు ఒక గీత పెడుతున్నాం. రాని రోజు ఖాళీ ఉంటుంది, మర్నాడు రెండు గీతలు పెట్టనివ్వం. స్టెంటు వేయించుకున్న ఆయనే ఆ పుస్తకం దగ్గర పెట్టుకుంటారు. ఆరున్నర కాకముందు వచ్చినవాళ్లకు గీత పెట్టరు.