కరోనా భయంతో బీపీ గోలీలు మానవచ్చా?

కరోనా వైరస్ తనంతట తాను పెరగలేదు. మన కణాల్లోని ప్రోటీన్లు దొరికితేనే దానికి బతుకు. అవేమిటో తెలిస్తే మందు కనిపెట్టే దారి దొరుకుతుందని శాస్త్రవేత్తల ఆశ.

2003లో సార్స్ వచ్చినప్పుడు వైరస్ మీది ముల్లును ఎరగా వేసి, అది కణం మీద దేన్ని పట్టుకుంటుందో చూశారు. చిక్కిన ప్రోటీన్ పేరు ఎసిఇ2. ఆ పరిశోధనలో వాడినవి వీరో అనే కోతి మూత్రపిండ కణాలు. 2020లో హైదరాబాదు సీసీఎంబీ వారు కోవిడ్ వైరస్‌ను పెంచింది కూడా వీరో కణాల్లోనే. తలుపు ఉన్నచోటే కదా దొంగ దూరేది!

ఇంకో పద్ధతి ఉంది. మనిషి జన్యువులు సుమారు 20,000. ఒక్కో కణంలో ఒక్కో జన్యువు పనిచేయకుండా చేసి, అన్నిటి మీదా వైరస్‌ను వదులుతారు. బతికి బయటపడ్డ కణాల్లో ఏది ఆగిపోయిందో వైరస్‌కు కావలసింది అదే. టిఎంఇఎం41బి అనే ప్రోటీన్ సంగతి ఇలాగే బయటపడింది. జలుబు తెచ్చే మామూలు కరోనాలకూ అది అవసరమేనట.

మరి గోలీల మాట. ఎసిఇ2 అసలు పని బీపీని అదుపులో ఉంచటంలో తోడ్పడటం. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టన్, టెల్మిసార్టన్ వంటి మాత్రలు ఆ తలుపులను పెంచుతాయేమోనని 2020లో అనుమానం పుట్టింది. బ్రెజిల్‌లో ఆ మాత్రలు వాడుతూ కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన 659 మందిలో సుమారు సగం మందికి 30 రోజులు ఆపి చూశారు. ఆపినందువల్ల మేలేమీ కనబడలేదు. బీపీ మాత్ర హఠాత్తుగా మానితే పక్షవాతం రావచ్చు. అప్పటి భయంతో మానేసినవారు మీ ఇంట్లో ఉంటే, పాత చీటీతో సహా తీసుకురండి. బీపీ చూసి డాక్టరుగారికి చూపిస్తాము.