కిటికీ వెలుగు, జానెడు దూరం

హోసూరులో ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలిక తన అవ్వ దగ్గర నేర్చుకొన్న కథను చెబుతూ, దాన్ని ఫోనులో వీడియో తీసుకొని అంతర్జాలంలో ఉంచిందనుకుందాం. షోలాపూరులో ఉన్న మరో తెలుగు పిల్లవాడు దాన్ని తెరిచాడు. తెల్లగా మెరిసే ఒక కిటికీ, దాని ముందు నల్లని నీడ అతనికి కనబడ్డాయి. ఫ్యాను రొద, వీధిలో మోటారు సైకిలు మోత, వాటి వెనుక ఎక్కడో దూరాన ఒక సన్నని గొంతు వినబడ్డాయి. అర నిమిషం చూసి అతడు దాన్ని మూసివేశాడు.

కథ మంచిదే, చెప్పిన తీరూ బాగానే ఉంది. కాని అవ్వ మాటల్లో ఆ ప్రాంతపు పలుకుబడి ఉంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ కనిపించని మాటలు కొన్ని ఉన్నాయి. తెలిసిన మాట సరిగా వినబడకపోయినా, ముందు వెనుకల మాటలను బట్టి ఊహించుకోవచ్చు. తెలియని మాటను అలా ఊహించుకోవడం సాధ్యం కాదు. ఒక ఊరి తెలుగు మరొక రాష్ట్రంలోని తెలుగువారికి చేరాలంటే అది స్పష్టంగా వినబడి తీరాలి. అందుకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. అయితే కెమెరాకూ మైకుకూ ఉన్న ఒక లోపాన్ని అర్థం చేసుకోవాలి.

మనిషికి కళ్ళూ చెవులే కాక వాటి వెనుక మెదడు కూడా ఉంది. సంతలో ఎంత గోల ఉన్నా, పక్కవాడు చెప్పే మాట వినబడుతుంది. ఎందుకంటే మెదడు కావలసిన ధ్వనిని ఎంచుకొని మిగిలినదాన్ని వెనక్కు నెడుతుంది. ఇంట్లో తిరిగే ఫ్యాను చప్పుడు పది నిమిషాలకే మన ఎరుకలో లేకుండా పోతుంది. మైకుకు ఈ వివేకం లేదు. తన దగ్గరకు వచ్చిన ప్రతి శబ్దాన్నీ అది సమానంగా స్వీకరిస్తుంది. నేటి ఫోనులలో రొదను తగ్గించే ఏర్పాటు కొంత ఉన్నా, అది రొదతోబాటు మాటలో కొంత భాగాన్ని కూడా కొరికివేయవచ్చు.

కనుక మొదట చూసుకోవలసినది దూరం. మైకు నోటికి రెండింతల దూరం జరిగితే, నోటి నుండి నేరుగా దాన్ని చేరే శబ్దం తీవ్రత సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో ఉండవలసిన మైకు 2 మీటర్ల దూరంలో ఉంటే, ఆ తీవ్రత నూరో వంతుకు పడిపోతుంది. గది రొద మాత్రం తగ్గదు. పైగా గొంతు చిన్నదైందని గ్రహించిన ఫోను శబ్దాన్ని తనంతట తానే పెంచుతుంది. అప్పుడు గొంతుతో సమానంగా ఫ్యాను కూడా పెద్దదవుతుంది.

దీనికి పరిష్కారం జానెడు దూరమే. తీగ ఉన్న ఇయర్‌ఫోనులో చిన్న మైకు ఉంటుంది. దాన్ని గడ్డానికి జానెడు దిగువన, చొక్కా గుండీ దగ్గర పిన్నీసుతో నిలిపితే చాలు. అది మెడలోని గొలుసుకు గాని బట్టకు గాని రాసుకోకూడదు. సరిగ్గా నోటికి ఎదురుగా కూడా ఉండకూడదు. ‘ప’, ‘భ’ వంటి అక్షరాలు పలికినప్పుడు పెదవుల నుండి వెలువడే గాలి మైకును తాకి టప్పుమంటుంది. ఇయర్‌ఫోను లేనివారు రెండో ఫోనును సంపాదిస్తే మరీ మంచిది. ఒకటి దూరాన ఉండి బొమ్మను తీస్తుంది, రెండోది చిత్రంలో కనబడకుండా ఒడిలో ఉండి మాటను తీస్తుంది. రెండూ మొదలైన తరువాత ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. తరువాత కూర్పు చేసేటప్పుడు, చేతులు కలిసిన బొమ్మనూ చప్పట్ల ధ్వనినీ ఒకచోటికి తెస్తే పెదవుల కదలికా మాటా కలిసిపోతాయి. సినిమా వారు పలకను టకీమని కొట్టడంలోని రహస్యమూ ఇదే.

ఇక రెండో శత్రువు ప్రతిధ్వని. కొండల మధ్య అరిస్తే వినబడే ప్రతిధ్వని వేరు, గదిలోనిది వేరు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, గోడకు తగిలి రెప్పపాటులోపలే తిరిగివస్తుంది. సిమెంటు గోడలు, గచ్చు నేల ఉన్న ఖాళీ గదిలో మాట ఆగిపోయిన తరువాత కూడా దాని శేషం అర సెకనుకు పైగా గదిలో తిరుగుతూనే ఉంటుంది.

తెలుగుకు దీనివలన కలిగే నష్టం ప్రత్యేకంగా గమనించదగినది. ‘అటు’ అంటే ఒక దిక్కు, ‘అట్టు’ అంటే తినేది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుంది? ‘ట్ట’ పలికేటప్పుడు నాలుక అంగిటికి అంటుకొని, ధ్వని మరికొంచెం సేపు ఆగుతుంది. ఆ చిన్న నిశ్శబ్దమే అర్థాన్ని మార్చింది. ‘పడు’, ‘పాడు’ అనే మాటలకు తేడా అచ్చు ఎంతసేపు సాగిందన్నదే. ప్రతిధ్వని ఆ నిశ్శబ్దాన్ని నింపివేస్తుంది, హ్రస్వాన్ని సాగదీస్తుంది. ద్విత్వాలకూ దీర్ఘాలకూ ఇంత విలువ ఉన్న భాషలో మాట్లాడేవారు ఖాళీ గదిలో కూర్చోవడం మంచిది కాదు.

మెత్తని, మందమైన వస్తువులు ధ్వనిని పీల్చుకొంటాయి. పరుపులు, బొంతలు, దుప్పట్లు, బట్టలు వేలాడే దండెం ఉన్న గది ఇందుకు అనువైనది. షోలాపూరులో స్థిరపడిన తెలుగు పద్మశాలీల మగ్గాల మీద ఎన్నో చాదర్లు తయారయ్యాయి. ఆ మందపాటి చాదర్లను రెండింటిని మాట్లాడేవారి ఎదుట గోడ మీద, వెనుక గోడ మీద వేలాడదీస్తే తేడా వెంటనే తెలుస్తుంది. బయట తీయవలసివస్తే గోడల బెడద ఉండదు, గాలి బెడద ఉంటుంది. యానాంలో గోదావరి గట్టు మీద నిలబడి మాట్లాడేవారు మైకు మీద స్పాంజి ముక్క గాని పలుచని దూది గాని కప్పకపోతే, మాటకు బదులు గాలి హోరే రికార్డవుతుంది.

ఫ్యాను కట్టివేయడం చెప్పినంత సులువు కాదు. బళ్ళారి ఎండలలో మధ్యాహ్నం ఫ్యాను లేకుండా ఎవరు కూర్చోగలరు? అందుకే తెల్లవారుజాము మేలు. ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. భారతదేశపు తొలి టాకీ చిత్రం ‘ఆలం ఆరా’ను అర్దేషిర్ ఇరానీ బొంబాయిలో తీశారు. అది 1931 మార్చి 14న విడుదలైంది. స్టూడియోకు శబ్దం చొరబడకుండా ఆపే గోడలు లేవు, దగ్గరలోనే రైలు పట్టాలు ఉండేవి. అందువల్ల చిత్రీకరణ చాలావరకు అర్ధరాత్రి దాటాక, ఒంటిగంటకూ నాలుగు గంటలకూ మధ్య జరిగింది. మైకులను నటుల దగ్గరలోనే, కెమెరాకు కనబడకుండా దాచి ఉంచారు. తరువాతి కాలంలో తెలుగు చిత్రసీమలో ప్రసిద్ధ దర్శకుడు, నిర్మాత అయిన ఎల్.వి. ప్రసాద్ అందులో చిన్న పాత్ర ధరించారు. నిశ్శబ్దమైన వేళను ఎంచుకోవడం, మైకును నోటికి దగ్గరగా ఉంచడం అనే ఈ రెండు సూత్రాలూ నేటికీ మారలేదు.

వెలుగు సంగతి ఇంత చిక్కు కాదు. చాలామంది చేసే తప్పు ఒక్కటే, కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం. కెమెరా చిత్రంలోని మొత్తం వెలుగును కొలిచి, కిటికీ మరీ ఎక్కువగా మెరుస్తోందని బొమ్మనంతా తగ్గిస్తుంది. దానితో ముఖం నల్లబడుతుంది. వెనక్కు తిరిగి కిటికీ వైపు ముఖం పెడితే ఆ బాధ తీరుతుంది. వెలుగు సరిగ్గా ఎదురుగా గాక కొంచెం పక్కనుండి పడితే ముక్కు, చెంపల ఆకారం తెలుస్తుంది. రెండో చెంప చీకటి కాకుండా, ఆ వైపు ఒక తెల్లని పంచెను కుర్చీ మీద ఆరవేస్తే చాలు. కిటికీ వెలుగు దానికి తగిలి మెత్తగా తిరిగివస్తుంది.

తెల్లని బట్ట చేసే మేలు ఎంతటిదో ఒక గొప్ప చిత్రమే చెబుతుంది. సత్యజిత్ రాయ్ 1956లో తీసిన ‘అపరాజితో’లో కాశీలోని ఒక ఇంటి లోపలి ముంగిలి ఉంది. దాన్ని స్టూడియోలో నిర్మించారు. అక్కడికి ఆకాశం నుండి వచ్చే నీడలేని వెలుగు కావాలి. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర ముంగిలి పైన తెల్లని బట్టను పరచి, దీపాలను మనుషుల మీదికి గాక ఆ బట్ట మీదికి తిప్పారు. బట్ట మీద నుండి కిందికి జారిన వెలుగు నిజమైన పగటి వెలుగులాగే ఉంది.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆరుబయట తీస్తే కళ్ళ కింద గుంతలు పడినట్లు నీడలు వస్తాయి. వరండా నీడ అంతకంటే నయం. పగటి వెలుగులో నీలం పాలు ఎక్కువ, పసుపు బల్బు వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ. రెండూ కలిస్తే ఒక చెంప ఒక రంగులో, రెండో చెంప మరో రంగులో కనబడతాయి కాబట్టి ఏదో ఒకదాన్నే ఉంచాలి. చోకు గల పాత ట్యూబులైటు వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. కంటికి తెలియని ఈ మిణుకు కెమెరాలో కదిలే చారలుగా పడవచ్చు.

ఫోనును చేత పట్టుకోకుండా, పుస్తకాల దొంతి మీద కళ్ళ ఎత్తున నిలపాలి. ముందుగా కటకాన్ని మెత్తని బట్టతో తుడవడం చాలామంది మరచిపోతారు. ఒక్క నిమిషం తీసి, ఇయర్‌ఫోనుతో విని, ఆ తరువాతే కథ మొదలుపెట్టాలి. అంతా అయ్యాక ఫ్యాను ఆపలేదని తెలిస్తే, అదే ఉత్సాహంతో మళ్ళీ చెప్పడం పెద్దలకు కూడా కష్టమే. అంతర్జాలంలో ఉంచే ముందు ఇంట్లోని పెద్దల అనుమతి తీసుకోవాలి. చిత్రంలో ఇంటి చిరునామా గాని బడి పేరు గాని పడకుండా చూసుకోవాలి.

మళ్ళీ హోసూరు బాలిక దగ్గరకు వస్తే, ఈసారి ఆమె అవ్వను కూడా పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. కిటికీకి ఎదురుగా ఒకే చాప చాలు. మైకు మాత్రం ఒకటే ఉంటే, దాన్ని అవ్వ చీర కొంగుకే తగిలించాలి. బాలిక గొంతు కొంచెం పెంచి మాట్లాడగలదు. అవ్వ మాత్రం తాను రోజూ మాట్లాడినట్లే మాట్లాడుతుంది.