కాలువ – కెనాల్

నేడు వరంగల్లు మహానగరమున కలసియున్న మడికొండ పేరులో మడి, కొండ యను రెండు మాటలు కనుపట్టుచున్నవి. మడి యనగా గట్లు వేసి, నీరు నిలిపి వరి పండించు నేల. ఆ మడికి నీరు తెచ్చునది కాలువ. మఱి కాలువ యను మాట యెచ్చటనుండి వచ్చినది?

ఆంగ్లమున కాలువను కెనాల్ అందురు. రెండు మాటల ధ్వనియు ఇంచుమించుగా నొక్కటియే. కావున మనవారు దీనిని ఆంగ్లేయులనుండి గైకొనిరని కొందఱకు తోచవచ్చును. అది పొరపాటు. ఓరుగల్లు నేలిన కాకతీయుల కాలపు శాసనములలోనే కాలువల ప్రస్తావన కలదు. ఆంగ్లేయులీ దేశమునకు వచ్చినది తరువాత కొన్ని శతాబ్దములకు గదా! అంతియేకాదు, దీనినే తమిళులు కాల్వాయ్ అనియు, కన్నడిగులు కాలువె అనియు అందురు. కనుక ఇది ద్రావిడభాషల సొంత సొత్తు.

ఇక కెనాల్ పుట్టుక వేఱు. లాటిను భాషలో కన్నా యనగా రెల్లు. బోలుగానుండు రెల్లుకాడను బట్టి గొట్టమునకును, నీటిదారికిని కనాలిస్ అను పేరు కలిగెను. అదియే ఆంగ్లమున కెనాల్ అయ్యెను. సంస్కృతమునను తామరకాడకు నాళమని పేరు. గొట్టమునకును అదే పేరు. దూరదేశములవారికిని ఒకే పోలిక తట్టుట వింతగదా!

ఆంగ్లేయులు శరీరములోని ఆహారమార్గమును గూడ కెనాల్ అనియే అందురు. మనము దానిని ఆహారనాళమందుము, కాలువ యనము. తనంతట పాఱునది వాగు. మనుష్యులు త్రవ్వినది కాలువ. పొలమునకు నీరిచ్చునది పంటకాలువ. దానినుండి చీలినది పిల్లకాలువ. మలిన జలమును కొనిపోవునది మురుగుకాలువ. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప గోదావరి కాలువలు పొలములను తడుపుటయే గాక, పడవలకు బాటలు కూడ నయ్యెను.

1963 జూలై 26న పోచంపాడు వద్ద జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించిన ప్రాజెక్టే నేటి శ్రీరామసాగరము. అచటినుండి గోదావరి జలమును వరంగల్లు సీమకు తెచ్చు ప్రధానమార్గమునకు కాకతీయ కాలువ యని పేరు. పూర్వము చెఱువులు త్రవ్వించిన రాజుల పేరును, అంతకంటె ప్రాచీనమైన మాటయు అందు కలసి నిలిచినవి.

పోలిక కనబడినంతనే చుట్టఱికము కలుపరాదు. నీటి పుట్టుక నెఱుగగోరువాడు ఏటికి ఎదురు నడచును. మాట పుట్టుక నెఱుగగోరువాడును అట్లే వెనుకకు నడువవలెను.