20 వేలలోపు ల్యాప్‌టాప్.. కొనాలా, వద్దా?

ఆఫర్‌లో 20 వేలలోపే కొత్త ల్యాప్‌టాప్ కనిపిస్తే చెయ్యి ఆగదు. కానీ ముందు స్పెసిఫికేషన్స్ చూడండి. సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్ అని ఉందా? విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీస ర్యామ్, స్టోరేజ్ సరిగ్గా ఇంతే! నాలుగు క్రోమ్ ట్యాబ్స్‌తో పాటు జూమ్ క్లాస్ తెరిస్తే ఇక నత్తనడకే. చాలా మోడల్స్‌లో ర్యామ్ తర్వాత పెంచుకోవడం కూడా కుదరదు.

వర్డ్, యూట్యూబ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు చాలనుకుంటే ఓకే. బీటెక్‌లో చేరుతుంటే మాత్రం వద్దు. ఆండ్రాయిడ్ స్టూడియోకే కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. ఇంట్లో మళ్లీ మళ్లీ డబ్బులు అడగలేం కదా! అదే బడ్జెట్‌లో వారంటీ ఉన్న రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ వెతకండి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఇంటెల్ అయితే 8వ జనరేషన్ కంటే పాతది వద్దు, విండోస్ 11 సపోర్ట్ ఉండదు. బ్యాటరీ హెల్త్ చూశాకే డబ్బు కట్టండి.